వెనక చక్రం దగ్గర శబ్దమా? చైన్ సెట్ కొనేముందు చాక్‌పీసు తీయండి

"వెనకాల ఏదో సౌండ్ వస్తోందన్నా, కాస్త చూడు" అని మెకానిక్ చేతిలో బైక్ తాళం పెట్టి వెళ్తే, సాయంత్రానికి చాలాచోట్ల వచ్చే జవాబు ఒక్కటే: చైన్ సెట్ పోయింది, మార్చేద్దాం. చైను, అది తిరిగే పళ్ల చక్రాలు రెండూ (ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్), మూడూ కొత్తవి పడతాయి. బండి చప్పుడు లేకుండా ఇంటికొస్తుంది. కొన్ని వారాలకి అదే శబ్దం మళ్లీ మొదలవుతుంది. ఈసారి బేరింగులు అంటారు, ఆ తర్వాత బ్రేక్ లైనర్లు. అలా ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు అసలుది తగులుతుంది. దాన్ని రిపేరు అనకూడదు. శబ్దం ఎక్కడిదో తేల్చకుండా ఒక్క సామాను కూడా కొనకూడదన్నది నా గట్టి అభిప్రాయం. తేల్చడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. బండి డబుల్ స్టాండ్ మీద నిలబడే చదునైన చోటు, ఒక చాక్‌పీసు, పొడుగాటి స్క్రూడ్రైవర్, స్టీలు స్కేలు, అరగంట తీరిక ఉంటే చాలు.

మరి చైన్ సెట్ మార్చగానే శబ్దం పోయిందిగా అంటారు. పోతుంది, దానికి కారణం వేరే. వెనక స్ప్రాకెట్ మార్చాలంటే చక్రం ఊడదీయక తప్పదు. చక్రం ఊడితే బ్రేక్ డ్రమ్ములో దుమ్ము దులుపుతారు, లైనర్ల మీద గరుకు కాగితం రుద్దుతారు, యాక్సిల్ రాడ్‌కి గ్రీజు పూస్తారు, చక్రం మధ్యలోని హబ్బులో రబ్బర్లు కదిలి కొత్తగా సర్దుకుంటాయి, చక్రం వరస సరిచూసి బోల్టులన్నీ బిగిస్తారు. శబ్దానికి ఇందులో ఏది కారణమైనా అది కొన్నాళ్లు సద్దుమణుగుతుంది. పేరు మాత్రం చైన్ సెట్‌కి దక్కుతుంది. అందుకే ఈ అలవాటు ఇన్నేళ్లుగా నిలబడింది. మెకానిక్ అబద్ధం చెప్పట్లేదు, తన కళ్లముందు పోయిన శబ్దాన్నే నమ్ముతున్నాడు.

ఆయన వైపు నుంచి ఇంకో మాట కూడా ఉంది. మన రోడ్ల దుమ్ములో, బురదలో చైన్ నిజంగానే తొందరగా అరుగుతుంది. షెడ్డుకొచ్చే చాలా బళ్లలో చైన్ మార్చాల్సిన దశలోనే ఉంటుంది కూడా. కాని అరగడం వేరు, శబ్దం చేయడం వేరు. బాగా సాగిన చైన్ సరైన వదులులో, ఆయిలు పట్టి ఉంటే పెద్దగా చప్పుడు చేయకపోవచ్చు. కొత్త చైన్‌ని బిర్రుగా బిగిస్తే మొదటిరోజు నుంచే ఊళ పెడుతుంది. కాబట్టి "అరిగిందా" అని ఒకసారి, "శబ్దం దీనిదేనా" అని ఇంకోసారి, రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి.

మొదటి ప్రశ్నకి స్కేలు జవాబు చెప్తుంది. చిన్న బళ్లలో ఎక్కువగా ఉండే 428 సైజు చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి 12.7 మిల్లీమీటర్లు. కింది చైన్‌ని చేత్తో బిగలాగి, 21 పిన్నులు లెక్కపెట్టి మొదటిదాని మధ్య నుంచి చివరిదాని మధ్య వరకు కొలిస్తే కొత్తదైతే 254 మిల్లీమీటర్లు రావాలి. 259 దాటితే 2 శాతం సాగినట్టు, ఇక మార్చాల్సిందే. స్కేలు లేకపోతే వెనక స్ప్రాకెట్ చివరి అంచు దగ్గర చైన్‌ని వెనక్కి లాగి చూడండి. పన్ను సగం బయటపడితే పని అయిపోయినట్టే. ఇది తేలాక చైన్ సంగతి కాసేపు పక్కన పెట్టి శబ్దం దగ్గరికి రావాలి.

చెవిని ఎంతవరకు నమ్మాలి

శబ్దం ఎక్కడ వినిపిస్తుందో అక్కడే పుట్టిందనుకోవడం మొదటి పొరపాటు. ఛాసిస్ గొట్టాలన్నీ ఉక్కువి, చప్పుడుని ఈ చివరి నుంచి ఆ చివరికి మోసుకుపోతాయి. ముందు స్ప్రాకెట్ లాక్ ప్లేట్ బోల్టులు వదులైతే ఆ కటకట వెనక కూర్చున్నవాళ్ల కాళ్లకింద వినిపించవచ్చు. సైలెన్సర్ క్లాంపు లూజైతే వెనక చక్రంలో ఏదో విరిగినట్టు అనిపిస్తుంది.

శబ్దం తీరు కూడా పూర్తిగా పట్టిచ్చేది కాదు. కిర్రు, గర్రు, టక్కు, లొడలొడ అని మనం చెప్పే మాటల్ని మెకానిక్ తనకి తోచినట్టు అర్థం చేసుకుంటాడు. ఒకే బేరింగు పాడవడం మొదలైనప్పుడు సన్నగా గుయ్‌మంటుంది, ముదిరాక గరగరలాడుతుంది, చివరికి కటకటమంటుంది.

తేల్చి చెప్పేది శబ్దం నడక. అది దేన్ని పట్టుకుని నడుస్తోంది? బండి వేగాన్నా, ఇంజిన్ వేగాన్నా, గుంతల్నా, బ్రేక్‌నా, వెనక కూర్చున్న మనిషి బరువునా? ఇది తేలితే అనుమానించాల్సిన సామాను సగానికి పైగా రాలిపోతుంది.

ఖాళీ రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ క్లచ్ పూర్తిగా పట్టండి. ఇంజిన్ ఐడిలింగ్‌కి దిగినా శబ్దం అదే వేగంతో కొనసాగి, బండి నెమ్మదించేకొద్దీ తనూ నెమ్మదిస్తే అది చక్రం, బ్రేక్, చైన్ ఈ మూడింటిలో ఏదో ఒకటి. క్లచ్ పట్టగానే శబ్దం పోతే ఇంజిన్, సైలెన్సర్, లేదా చైన్ మీద బలం పడినప్పుడు మాత్రమే మాట్లాడే భాగాలు. ఆ తర్వాత అదే 40లో ఒకసారి మూడో గేరు, ఒకసారి నాలుగో గేరు వేసి చూడండి. గేరు మారినా శబ్దం లయ మారకపోతే అది గేర్‌బాక్సు దాటాక పుడుతున్నట్టు. మారితే ఇంజిన్ వైపు చూడాలి. మూడోది, వెనక బ్రేక్‌ని బండి ఆగనంత తేలిగ్గా తొక్కండి. ముట్టుకోగానే శబ్దం పోయినా, పెరిగినా, గొంతు మారినా ముందు బ్రేక్ విప్పాలి. ఈ పరీక్షల్లో తాళం ఆపేసి బండిని దొర్లించకండి. చెయ్యి అలవాటున ఇంకాస్త తిప్పితే హ్యాండిల్ లాక్ పడే ప్రమాదం ఉంది. క్లచ్ పట్టడం చాలు.

చాక్‌పీసు గీత

శబ్దం బండి వేగాన్ని పట్టుకుని నడుస్తోందని తేలాక బండిని డబుల్ స్టాండ్ వేసి, న్యూట్రల్ చేసి, ఇంజిన్ ఆపండి. ఇంజిన్ నడుపుతూ గేరులో చక్రం తిప్పుతూ చైన్ దగ్గర వేలు పెట్టడం, గుడ్డతో తుడవడం ఎప్పుడూ చేయకండి. పాత బనీను గుడ్డ చైన్‌లో చిక్కితే చేతిని కూడా లాక్కుపోతుంది. వేళ్లు తెగిన మెకానిక్కులున్నారు. ఇక్కడ చేసే ప్రతి పనికీ చేత్తో తిప్పే వేగం సరిపోతుంది.

టైరు పక్కన, ట్యూబు వాల్వు దగ్గర చాక్‌పీసుతో గీత పెట్టండి. చైన్‌లో ఒక లింకు మీద ఇంకో గుర్తు. చైన్ మొత్తం రేకు డబ్బాలో ఉన్న బండైతే డబ్బా మీద రబ్బరు బిరడా తీస్తే చైన్ కనపడుతుంది. గుర్తు దానిగుండానే పెట్టొచ్చు.

ఇప్పుడు లెక్క. 18 అంగుళాల రిమ్ముకి 2.75 లేదా 3.00 టైరు ఉంటే చక్రం ఒక చుట్టుకి బండి సుమారు 1.9 మీటర్లు ముందుకెళ్తుంది. ముందు స్ప్రాకెట్‌కి 14 పళ్లు, వెనక 42, చైన్‌కి 112 లింకులు అనుకుందాం (మీ బండి పళ్లు మీరే లెక్కపెట్టుకోండి). చక్రం ఒకసారి తిరిగేసరికి ముందు స్ప్రాకెట్ మూడుసార్లు తిరుగుతుంది. చైన్ మాత్రం పూర్తిగా ఒక చుట్టు రావాలంటే చక్రం రెండున్నర చుట్లు దాటి, 2.67 చుట్లు తిరగాలి. అంటే 1.9 మీటర్లకొకసారి వచ్చే టక్కు చక్రానిది, దాదాపు 5 మీటర్లకొకసారి వచ్చేది చైన్‌ది, చక్రం చుట్టుకి మూడుసార్లు వచ్చేది ముందు స్ప్రాకెట్ దగ్గరిది. ఈ మూడు లెక్కలూ ఒకదాంతో ఒకటి కలవవు, అదే మనకి కావాల్సింది.

చక్రాన్ని మెల్లగా తిప్పుతూ శబ్దం వచ్చిన ప్రతిసారీ వాల్వు ఎక్కడుందో చూడండి. ప్రతిసారీ ఒకే చోట ఉంటే టైరులో దిగిన మేకు, గాడిలో ఇరుక్కున్న రాయి, వంగిన రిమ్ము, గుండ్రం తప్పిన డ్రమ్ము, వదులైన స్పోకు వీటిలో ఒకటి. స్పోకుల్ని వరసగా చిన్న స్పానర్‌తో తట్టి వింటే బిగువుగా ఉన్నవి టింగుమంటాయి, వదులుది డొప్పుమని పలుకుతుంది. చైన్ గుర్తు ప్రతిసారీ ఒకే చోట ఉంటే బిగుసుకుపోయిన లింకు. ఆయిలు లేక, తుప్పు పట్టి వంగడం మానేసిన లింకు స్ప్రాకెట్‌ని చుట్టేటప్పుడు చిన్నగా టక్కుమని దూకుతుంది. చైన్ లాక్ క్లిప్పు ఊడి ఉన్నా ఇక్కడే బయటపడుతుంది. ఆ క్లిప్పు మూసిన అంచు చైన్ వెళ్లే దిక్కుకి ఉండాలి, తెరిచిన నోరు వెనక్కి. తిరగేసి పెట్టినవి చాలా కనిపిస్తాయి, ఏదో ఒక రాయి తగిలితే ఊడిపోతాయి.

వాల్వుకీ, చైన్ గుర్తుకీ రెండింటికీ పొంతన లేకుండా శబ్దం వస్తుంటే బేరింగుని అనుమానించాలి. వెనక చక్రంలో బేరింగు లోపలి రింగు యాక్సిల్ మీద కదలకుండా ఉంటుంది, బయటి రింగు హబ్బుతో పాటు తిరుగుతుంది. మధ్యలో గుండ్లు ఈ రెండిటికీ నడిమి వేగంతో వెళ్తాయి. చక్రం 5 చుట్లు తిరిగితే గుండ్ల వరస సుమారు 3 చుట్లే తిరుగుతుంది. అందుకే బేరింగు శబ్దం ఒకసారి వాల్వు పైనున్నప్పుడు, ఒకసారి కిందున్నప్పుడు, జారిపోతూ వస్తుంది.

బేరింగులు: అసలు పాడయ్యేది ఎక్కడ

వెనక హబ్బులో సాధారణంగా రెండు బేరింగులు, స్ప్రాకెట్ ఉండే డ్రమ్ములో ఇంకొకటి ఉంటాయి. ఈ మూడోదాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. చైన్ లాగుడంతా దానిమీదే పడుతుంది కాబట్టి ముందుగా అరిగేది చాలాసార్లు అదే. హబ్బు బేరింగులు రెండూ మార్చి దీన్ని పాతదే వదిలేస్తే చేసిన పని సగమే.

చూడటం ఇలా. చక్రాన్ని రెండు చేతులతో, ఒక చెయ్యి పైన ఒక చెయ్యి కింద పట్టుకుని అటూ ఇటూ ఊపండి. డక్కుమని ఆట (వదులు కదలిక) తెలిస్తే బేరింగు. అదే ఆట స్వింగ్ ఆర్మ్‌ని (వెనక చక్రాన్ని మోసే చిమ్టాని) పట్టుకుని పక్కలకి ఊపినప్పుడు కూడా ఉంటే చిమ్టా బుష్‌లు. రెండూ ఒకేలా అనిపిస్తాయి గనక చక్రం ఊపుతున్నప్పుడు ఇంకొకరిని స్వింగ్ ఆర్మ్ మీద వేలు పెట్టమనండి. చక్రం మాత్రమే కదులుతోందా, స్వింగ్ ఆర్మ్ కూడా కదులుతోందా వాళ్లకి తెలుస్తుంది. ఆట లేకపోయినా గరుకు ఉండొచ్చు. చైన్ దించేసి చక్రం తిప్పుతూ స్క్రూడ్రైవర్ మొన యాక్సిల్ చివర ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించండి. బాగున్న బేరింగు దాదాపు వినపడదు. పాడైనది ఇసుక నలిగినట్టు పలుకుతుంది. చైన్ దించకుండా ఈ పరీక్ష చేస్తే చైన్ గలగలే వినిపిస్తుంది.

బేరింగులు ఎందుకు పోతాయన్నది ఇంకా ముఖ్యం, ఎందుకంటే కారణం వదిలేసి కొత్తవి వేస్తే అవీ అంతే. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెజర్ గన్‌ని సూటిగా హబ్బు మధ్యకి పట్టడం మొదటి కారణం. రబ్బరు సీలు దుమ్ముని ఆపడానికే గాని ఆ జోరు నీళ్లని ఆపడానికి కాదు. నీళ్లు లోపలికి పోయి గ్రీజుని కడిగేస్తాయి, నెల తిరిగేసరికి తుప్పు. చక్రాలకి పక్కనుంచి, దూరంగా నీళ్లు కొట్టమని అడగండి, ఎవరూ కాదనరు. రెండో కారణం దారం. సంక్రాంతి గాలిపటాల తర్వాత రోడ్డు మీద పడిన మాంజా, వడ్లు ఆరబోసిన రోడ్ల మీద గడ్డి, గోనెసంచుల పురికొస యాక్సిల్ దగ్గర చుట్టుకుని లోపలికి బిగుసుకుంటూ పోతాయి, సీలు అంచుని తినేస్తాయి. చక్రం తీసినప్పుడల్లా ఆ సందులో ఒకసారి చూడాలి.

మూడోది బిగించడంలో తప్పు. రెండు హబ్బు బేరింగుల మధ్య ఒక ఇనుప గొట్టం, స్పేసర్, ఉంటుంది. యాక్సిల్ నట్టు బిగించినప్పుడు ఆ బలాన్ని అది మోస్తుంది. అది పెట్టడం మర్చిపోయినా, పొట్టిది పెట్టినా ఆ బలమంతా లోపలి రింగుల మీద పక్కనుంచి పడి గుండ్లు నలిగిపోతాయి. అలాంటి చక్రం నట్టు వదులుగా ఉన్నప్పుడు బాగానే తిరుగుతుంది, బిగించగానే బరువెక్కుతుంది. మీ చక్రం అలా చేస్తుంటే స్పేసర్ కోసం వెతకండి. కొత్త బేరింగుని దించేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. పాత బేరింగునో సరిపడా సాకెట్‌నో ఆనించి కొట్టాలి. లోపలి రింగు మీద సుత్తి దెబ్బ పడితే గుండ్లు నడిచే దారిలో సొట్టలు పడతాయి, కొత్త బేరింగు మొదటిరోజే గుయ్‌మంటుంది. ఒకవైపుది అడుగుకంటా దించాక స్పేసర్ పెట్టి, రెండోవైపుది స్పేసర్‌ని ముట్టుకునేదాకా మాత్రమే దించాలి. బేరింగు నంబరు దాని రబ్బరు మీదో అంచు మీదో ఉంటుంది: 6301, 6302, 6202 లాంటివి. దుకాణంలో బండి పేరు చెప్పడం కన్నా ఆ నంబరు చెప్పి, రెండువైపులా రబ్బరు సీలున్నవి అడగండి.

గేరు మార్చినప్పుడల్లా "డక్"

యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి డక్కుమంటుంటే చైన్‌ని బిగించేయడం మనవాళ్ల మొదటి పని. వదులు చైన్ అలా కొట్టే మాట నిజమే. వదులు సరిగ్గా ఉన్నా డక్కుమంటే హబ్బులోని డ్యాంపర్ రబ్బర్లు చూడాలి. స్ప్రాకెట్ డ్రమ్ముకీ చక్రానికీ మధ్య ఉండే ఈ రబ్బరు ముక్కలు ఇంజిన్ కుదుపుని మింగుతాయి. ఎండిపోయి, అరిగిపోయి సందు పడితే ఇనుము వెళ్లి ఇనుముకి తగులుతుంది.

డబుల్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో, ఒకరిని వెనక బ్రేక్ గట్టిగా తొక్కి పట్టమనండి. చక్రం కదలదు. ఇప్పుడు వెనక స్ప్రాకెట్‌ని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పి చూడండి. రబ్బరు నొక్కుకున్నట్టు మెత్తగా, కొద్దిగా కదిలితే బాగున్నట్టు. అడ్డు లేకుండా కదిలి టక్కున ఆగితే రబ్బర్లు పోయాయి. చైన్ సెట్ ధరతో పోలిస్తే వీటి ఖర్చు చాలా తక్కువ. సైకిల్ ట్యూబు ముక్కలు దూర్చి సందు నింపడం ఊళ్లలో వాడుక. అత్యవసరంలో అది కొన్నాళ్లు పనిచేస్తుంది, నేను దాన్ని కొట్టిపారేయను. కాని మందంగా దూరిస్తే స్ప్రాకెట్ డ్రమ్ము పూర్తిగా లోపలికి కూర్చోదు, చైన్ వరస తప్పుతుంది. అందుకని మందం చూసుకుని, దొరికినప్పుడు అసలు రబ్బర్లు వేయించాలి. బండిని గేరులో పెట్టి చక్రం ఊపితే వచ్చే కొద్దిపాటి ఆటని మాత్రం పట్టించుకోకండి. గేర్ల మధ్య ఉండాల్సిన సందు అది.

ఆ డక్కుని చైన్ బిగించి నొక్కేస్తే ఏమవుతుంది? చాలా బళ్లలో చైన్ మధ్యలో పైకీ కిందకీ 20 నుంచి 30 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. మీ బండి కొలత మాన్యువల్‌లోనో చైన్ కవర్ మీది స్టిక్కర్‌లోనో ఉంటుంది. ఆ వదులు ఊరికే ఉన్నది కాదు. వెనక మనిషి కూర్చుంటే స్వింగ్ ఆర్మ్ పైకి లేస్తుంది. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పిన్ను, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికన్నా బిర్రుగా ఉంటుంది. ఖాళీ బండి మీద చైన్ బిగుతుగా పెట్టి, ఇద్దరు ఎక్కి, మధ్యలో గ్యాస్ సిలిండరో పాల క్యాన్లో పెట్టుకుని వెళ్తే ఆ చైన్‌కి వెసులుబాటే ఉండదు. ఊళ మొదలవుతుంది, స్ప్రాకెట్ డ్రమ్ము బేరింగు, ఇంజిన్‌లో ముందు స్ప్రాకెట్ షాఫ్టు బేరింగు రెండూ దెబ్బతింటాయి. రెండోది మార్చడానికి ఇంజిన్ విప్పాలి. ఒంటరిగా వెళ్తే లేని శబ్దం ఇద్దరెక్కితే వస్తోందంటే మొదట చైన్ బిగువు, తర్వాత టైరు మడ్‌గార్డ్‌కి రాసుకోవడం, ఈ రెండూ చూడండి.

వదులు కొలిచేటప్పుడు చక్రం తిప్పి మూడు నాలుగు చోట్ల చూడాలి. సాగిన చైన్ అన్నిచోట్లా సమానంగా సాగదు. ఎక్కువ బిగుతుగా ఉన్నచోటే కొలత తీయాలి. యాక్సిల్ నట్టు బిగించాక మళ్లీ కొలవాలి, నట్టు బిగువుకి చక్రం కాస్త జరుగుతుంది. చక్రం తిన్నగా ఉందో లేదో చూసుకోడానికి స్వింగ్ ఆర్మ్ మీద ఉండే గీతల్ని గుడ్డిగా నమ్మకండి. వెనక స్ప్రాకెట్ పళ్ల పక్కలు చూడండి. ఒకేవైపు మెరుస్తుంటే వరస తప్పినట్టు. ఆయిలు సంగతి తేలిక: కిరోసిన్‌తో కడిగి, తుడిచి, లోపలి లింకుల మీద ఈపీ 90 గేర్ ఆయిల్. రబ్బరు రింగులున్న చైన్ అయితే ఇనుప బ్రష్షు, పెట్రోలు వాడొద్దు.

బ్రేక్ మీద అనుమానముంటే వాయిదా వేయకండి

వాన తర్వాత మొదటి కిలోమీటరులో సర్‌సర్‌మనడం డ్రమ్ములో పేరుకున్న తుప్పు పొర, దానంతటదే పోతుంది. కీచుమనడం దుమ్మో, గాజులా నున్నబడ్డ లైనరో. బ్రేక్ పూర్తిగా తొక్కినప్పుడు బ్రేక్ లివర్ దగ్గరి బాణం డ్రమ్ము ప్లేటు మీది గుర్తుని చేరితే లైనర్లు అయిపోయినట్టు, రాడ్డు నట్టు ఇంకా తిప్పడం వృథా. లైనర్ దుమ్ముని నోటితో గాని గాలి గన్నుతో గాని ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు. డిస్క్ ఉన్న బండిలో గతుకుల్లో లొడలొడమని, బ్రేక్ ముట్టుకోగానే ఆగితే ప్యాడ్ స్ప్రింగు పోయినట్టో, క్యాలిపర్ పిన్నులు ఎండిపోయినట్టో.

అన్నిటికన్నా నాకు భయం వేసేది బ్రేక్ పట్టగానే ఒక్కసారి టంగుమనే శబ్దం. చాలా డ్రమ్ బ్రేక్ బళ్లలో బ్రేక్ ప్లేటు నుంచి స్వింగ్ ఆర్మ్‌కి ఒక ఇనుప పట్టీ ఉంటుంది, దాన్నే టార్క్ ఆర్మ్ అంటారు. బ్రేక్ వేసినప్పుడు ప్లేటు చక్రంతోపాటు తిరిగిపోకుండా ఆపేది అదొక్కటే. దాని బోల్టు వదులైతే బ్రేక్ పట్టినప్పుడల్లా ప్లేటు కాస్త జరిగి టంగుమంటుంది. ఊడిపోతే ప్లేటు గిర్రున తిరిగి, బ్రేక్ రాడ్డుని మెలిపెట్టి చక్రాన్ని పట్టేస్తుంది. 60లో వెళ్తున్నప్పుడు అలా జరిగితే పడిపోవడమే. పంక్చరు వేసినవాళ్లు, చైన్ మార్చినవాళ్లు దీన్ని బిగించడం మర్చిపోవడం కొత్తేం కాదు. వెనక చక్రం ఎవరు ముట్టుకున్నా ఇంటికెళ్లే ముందు ఈ బోల్టు, దాని స్ప్లిట్ పిన్ను, యాక్సిల్ నట్టు మీ కళ్లతో చూసుకోండి. మిగతా ఏ శబ్దమైనా ఆదివారం దాకా ఆగొచ్చు. ఇదీ, బేరింగు ఆటా, యాక్సిల్ నట్టూ మాత్రం ఆ రోజే చూడాలి.

గతుకుల్లో మాత్రమే వచ్చేవి

స్పీడ్ బ్రేకర్ మీద మాత్రమే వస్తే చక్రం జోలికి పోకండి. బండి నిలబెట్టి సీటుని నొక్కి వదలండి. కిర్రుమంటే షాక్ అబ్జార్బర్ పైనో కిందో ఉన్న రబ్బరు బుష్, లేదా గ్రీజు చూడని చిమ్టా పిన్ను. ఏదో తెలియడానికి ఒక్కో బుష్ దగ్గర రెండు చుక్కలు నీళ్లు వేసి మళ్లీ నొక్కండి. నీళ్లు పడ్డచోట శబ్దం కాసేపు తగ్గితే అదే. నూనె వేయకండి, రబ్బరు ఉబ్బుతుంది.

లొడలొడకి సాధారణంగా చిన్నవే కారణం: నంబర్ ప్లేటు, సీటు కింద టూల్ కిట్, సైడ్ ప్యానెల్ రబ్బర్లు, చైన్ డబ్బా బోల్టు, సైలెన్సర్ రేకు, శారీ గార్డ్. ఒక్కోదాన్ని చేత్తో గట్టిగా పట్టుకుని, ఇంకొకరిని బండి ఊపమంటే తేలిపోతుంది. శారీ గార్డ్ మోగుతోందని తీసి పారేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో చిక్కకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 123వ నియమమే చెప్తోంది. చీర కొంగు, చున్నీ చక్రంలో పడి జరిగే ప్రమాదాలు ఎంత ఘోరమో మన ఊళ్లలో తెలియనివాళ్లు లేరు. రెండు వాషర్లు, ఒక రబ్బరు ముక్క వేసి బిగిస్తే ఆ మోత పోతుంది.

గేర్లు లేని స్కూటర్లకి ఈ చైన్ లెక్కలేవీ వర్తించవు. అక్కడ చక్రం నేరుగా గేరు షాఫ్టు మీదే ఉంటుంది, ఇంజినంతా చక్రంతోపాటు ఊగుతుంది. గేర్ ఆయిల్, బెల్టు, రోలర్లు చూడాలి. క్లచ్ పరీక్ష మాత్రం చేయలేం గనక బ్రేక్ పరీక్ష, వాల్వు గీత అక్కడ ఇంకా ఎక్కువ పనికొస్తాయి.

ఇంత చేశాక బండి షెడ్డుకి తీసుకెళ్తే చెప్పే మాట మారుతుంది. "అన్నా, 40లో క్లచ్ పట్టినా శబ్దం ఆగట్లేదు, గేరు మార్చినా అంతే, బ్రేక్ ముట్టుకున్నా తేడా లేదు. వాల్వుతో కలవట్లేదు. చైన్ 255 ఉంది. స్ప్రాకెట్ డ్రమ్ము బేరింగు చూడు" అంటే ఏ మెకానికైనా తిన్నగా అక్కడికే వెళ్తాడు. మంచి చెయ్యి ఉన్నవాళ్లకి ఇలాంటి సమాచారం ఇస్తే సంతోషిస్తారు, వాళ్ల సమయం కూడా మిగులుతుంది. తీసిన పాత సామాను అడిగి తీసుకుని చూడండి. బేరింగుని వేలితో తిప్పితే గరుకు తెలియాలి, రబ్బరులో పగులు కనపడాలి. పాతది శుభ్రంగా, మెత్తగా తిరుగుతుంటే శబ్దం ఇంకా బండిలోనే ఉంది.

ఒకసారికి ఒక్కటే మార్చించండి. మార్చిన తర్వాత అదే రోడ్డు మీద, అదే 40లో, అదే మనిషిని వెనక ఎక్కించుకుని మళ్లీ పరీక్షించండి. కొత్త చైన్, కొత్త రబ్బర్లు సర్దుకునేటప్పుడు వదులు మారుతుంది కాబట్టి 500 కిలోమీటర్ల లోపు చైన్, యాక్సిల్ నట్టు, టార్క్ ఆర్మ్ బోల్టు ఇంకోసారి చూడాలి. చైన్ జరిపినప్పుడల్లా చక్రంతోపాటు బ్రేక్ ప్లేటు కూడా జరుగుతుంది గనక వెనక బ్రేక్ పెడల్ ఆట కూడా ఆ రోజే సరిచేయించండి. లేకపోతే లైనరు డ్రమ్ముకి రాసుకుంటూ ఇంకో కొత్త శబ్దం మొదలవుతుంది.